మూడో సిలిండర్‌లో 118 పీఎస్ఐ: హెడ్ దించే ముందు గాలి ఎటు పోతోందో చూడండి

మీరిచ్చిన వివరాలు: 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. ఐడిల్‌లో వణుకు, మూడో సిలిండర్ మిస్సింగ్ అని కోడ్. ప్లగ్గు, కాయిల్ రెండో సిలిండర్‌తో మార్చి చూసినా మిస్సింగ్ మూడు దగ్గరే ఆగింది. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ప్రెషర్, వరసగా 178, 172, 118, 175 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్). ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ దీపం మిణుకుమంటోంది. హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) దించి, పనిలో పనిగా రింగులూ (పిస్టన్ చుట్టూ గాలిని ఆపే పట్టీలు) మార్చేద్దామని మెకానిక్ అంటున్నారు, ఒప్పుకోవచ్చా అని మీ ప్రశ్న.

ఇప్పుడే ఒప్పుకోకండి. 118 అన్న అంకె మూడో సిలిండర్‌లో గాలి నిలవడం లేదని మాత్రమే చెబుతుంది. ఎటు పోతోందో చెప్పదు. ఇన్‌టేక్ వాల్వు (గాలి లోపలికి వచ్చేది), ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటికి పోయేది), రింగులు, హెడ్ గాస్కెట్ (హెడ్ కింద సందు మూసే పొర), ఈ నాలుగింటిలో ఏదో ఒక దారి. అరుదుగా హెడ్‌లోనో సిలిండర్ గోడలోనో పగులు. ఒక్కో దారికి రిపేరు వేరు. వాల్వు లీకుకి ఒక కారణం, వాల్వు గ్యాప్ (వాల్వు కాడకీ దాన్ని నొక్కి తెరిచే కామ్‌కీ మధ్య ఉండాల్సిన సందు) మూసుకుపోవడం, హెడ్ కదపకుండానే సరిచేయొచ్చు. మిగతా మూడు సిలిండర్లు 172 పైన నిలబడ్డాయంటే వాటి రింగుల గురించి ఇప్పుడు మాట్లాడాల్సిన పనే లేదు.

ముందు ఆ 118ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవాలి. కంప్రెషన్ టెస్టులో సగం తప్పులు ఇంజిన్‌వి కావు, టెస్టు చేసిన తీరువి.

ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. పూర్తి వేడి మీద అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గులు విప్పితే మరలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత వేడి దగ్గర ఆగండి. విప్పే ముందు ప్లగ్గు గుంతల్లో గాలి కొట్టి దుమ్ము ఊదేయండి. ఇసుక రేణువు ఒక్కటి లోపల పడి వాల్వు సీటు మీద కూర్చున్నా రీడింగు పడిపోతుంది. ఇంజెక్టర్ల కనెక్టర్లు, కాయిళ్ల కనెక్టర్లు అన్నీ తీసేయండి. లేకపోతే తెరిచిన ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే స్పార్క్ ఎగురుతుంది. మంటలు రావడానికి ఇంకేం కావాలి?

నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, ఒకటి కాదు. అప్పుడే సెల్ఫ్ అన్ని సిలిండర్లకూ ఒకే వేగంతో తిరుగుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండ్లలో పెడల్ తొక్కి పట్టుకున్నా, సెల్ఫ్ కొట్టేటప్పుడు పలక తెరుచుకోకపోవచ్చు. ఎయిర్ ట్యూబు తీసి కళ్లతో చూసుకోండి. పలక మూసి ఉంటే నాలుగు సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి. బ్యాటరీ నిండుగా ఉండాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి జారితే ఆ రీడింగులు పక్కన పెట్టేయండి.

ఒక్కో సిలిండర్‌కీ లెక్కపెట్టి ఆరు కంప్రెషన్ స్ట్రోకులు ఇవ్వండి. ఒకదానికి నాలుగు, ఇంకోదానికి తొమ్మిది ఇస్తే పోల్చడానికి అర్థం ఉండదు. చాలామంది చివరి అంకె ఒక్కటే రాసుకుంటారు. మొదటి స్ట్రోకుకి ముల్లు ఎక్కడికి ఎగిరిందో కూడా రాసుకోండి. మొదటి దెబ్బకి 40 దగ్గర ఆగి, తర్వాత మెల్లమెల్లగా పెరుగుతూ పోతే అనుమానం రింగుల మీద. మొదట తక్కువ, చివరికీ పెద్దగా పెరగకపోతే వాల్వుల మీద. ఇది తీర్పు కాదు, కాకపోతే ఎటు వెతకాలో ముందే చెబుతుంది.

గేజ్ విషయం ఒకటి చెప్పాలి. హోసు చివర, అంటే ప్లగ్గు రంధ్రంలోకి మర ఎక్కే చోట, చిన్న వాల్వు పిన్ను ఉంటుంది. అది లేకపోయినా, గేజ్ వైపు చివరలో ఉన్నా, హోసులోని ఖాళీ మొత్తం సిలిండర్ ఖాళీకి కలిసిపోయి రీడింగు పడిపోతుంది. ఆ పిన్ను పాడైతే చాలామంది టైరు వాల్వు పిన్ను వేసేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ టైరు పిన్ను స్ప్రింగు గట్టిది. దాన్ని తెరవడానికే కొంత ప్రెషర్ ఖర్చవుతుంది, అంత మేర గేజ్ తక్కువ చూపిస్తుంది. మీ రీడింగుల్లో మిగతా మూడూ బాగానే ఉన్నాయి కాబట్టి గేజ్ మీద అనుమానం తక్కువ. అయినా మూడో సిలిండర్‌ని రెండోసారి కొలవండి.

ఇక అంకెల లెక్క. మామూలు పెట్రోల్ ఇంజిన్లు 125 నుంచి 200 పీఎస్ఐ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కచ్చితమైన కనిష్ఠ హద్దు మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే ప్రమాణంగా తీసుకోండి. అంకె కంటే తేడా ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువున్నదాంట్లో 75 శాతం కంటే ఏ సిలిండరూ పడిపోకూడదన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలబద్ద. మీది 178లో 66 శాతం. జబ్బు నిజమే. ఎత్తైన ప్రాంతాల్లో గాలి పలచన కాబట్టి ప్రతి 300 మీటర్లకూ రీడింగు 3, 4 శాతం తగ్గుతుంది. అక్కడ నాలుగూ కలిసి తగ్గుతాయి. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే అట్కిన్సన్ ఇంజిన్లలో రీడింగు పుట్టుకతోనే తక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు జంటగా పడిపోతే మధ్యలో గాస్కెట్ కాలిపోయిందని అర్థం. నాలుగూ కలిసి సమంగా పడిపోతే రింగుల కంటే ముందు టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో చూడాలి. మీ దగ్గర ఒక్క మూడే పడింది, పక్కన రెండూ నాలుగూ నిటారుగా నిలబడ్డాయి. అంటే పక్క సిలిండర్‌లోకి గాస్కెట్ లీకు దాదాపు లేనట్టే.

ఇప్పుడు తడి టెస్టు. మూడో సిలిండర్‌లో ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవడం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందు మూస్తుంది. రీడింగు బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెటో అని చెబుతారు. మాట నిజమే గానీ చిన్న ఇంజిన్లలో ఒక మోసం ఉంది. మీ సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ రేషియో 10 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 33 మి.లీ. అందులో 5 మి.లీ. ఆయిలే ఆక్రమిస్తే ఖాళీ 28కి తగ్గుతుంది, రేషియో 11.6కి చేరుతుంది. రింగులు దివ్యంగా ఉన్నా రీడింగు పెరిగి తీరుతుంది! 118 కాస్తా 135 అయితే రింగులు పోయాయని ఇంజిన్ విప్పేయడం ఇక్కడ జరిగే పొరపాటు. అందుకే అంతే ఆయిల్ బాగున్న రెండో సిలిండర్‌లోనూ పోసి కొలవండి. రెండూ ఒకే శాతంలో పెరిగితే అది ఆయిల్ ఆక్రమించిన చోటు పని. రెండోది కొద్దిగా పెరిగి, మూడోది 160 దాటితే అప్పుడు రింగుల్ని పట్టుకోండి. డీజిల్ ఇంజిన్లలో ఈ టెస్టు జోలికి పోవద్దు. అక్కడ మిగిలే ఖాళీ ఇంకా చిన్నది, ఆయిల్ నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్‌లో కంప్రెషనే 300 నుంచి 500 పీఎస్ఐ ఉంటుంది కాబట్టి పెట్రోల్ గేజ్ కూడా పనికిరాదు.

మీకు అసలు జవాబిచ్చేది లీక్‌డౌన్ టెస్టు. ఇంజిన్ తిప్పకుండా, పిస్టన్‌ని కంప్రెషన్ పైమట్టం దగ్గర ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి, ఎంత నిలుస్తోందో ఎంత పోతోందో చూడటం. పరికరంలో రెండు గేజ్‌లు, మధ్యలో సన్నటి రంధ్రం ఉంటాయి. మొదటి గేజ్ 100 పీఎస్ఐ దగ్గర పెట్టాక రెండోది 92 చూపిస్తే 8 శాతం లీకు.

పిస్టన్‌ని పైమట్టానికి తేవడంలో జాగ్రత్త కావాలి. పిస్టన్ పైకి రావడం ఒక్కటే చాలదు, రెండు వాల్వులూ మూసి ఉండాలి. మీ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయితే, ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైమట్టం నుంచి క్రాంక్ ఇంకో అర చుట్టు తిప్పితే మూడోది అక్కడికి వస్తుంది. క్రాంక్‌ని ఎప్పుడూ ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పండి. తర్వాత, గాలి వదిలే ముందు క్రాంక్ బోల్టు మీద రెంచి తీసేయండి. ఈ మాట రెండుసార్లు చదవండి. 73 మి.మీ. బోరున్న పిస్టన్ మీద 100 పీఎస్ఐ అంటే సుమారు 290 కిలోల తోపుడు. పిస్టన్ పైమట్టానికి రెండు మూడు డిగ్రీలు పక్కన ఉన్నా క్రాంక్ ఒక్కసారిగా తిరుగుతుంది. రెంచి దానితో పాటే తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. అందుకే ముందు 15, 20 పీఎస్ఐ తోనే మొదలుపెట్టి, పిస్టన్ నిలబడిందని తేలాక పెంచండి. గాలి పంపగానే తిరిగిపోతుంటే మళ్లీ సరిచేసుకోండి. పై గేరులో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగితే కొంత సాయం.

10 శాతం లోపు లీకు మంచి ఇంజిన్. 20 దాకా పాతబడిన ఇంజిన్ అనుకోవచ్చు. 30 దాటితే జబ్బు. పరికరాన్ని బట్టి లోపలి రంధ్రం కొలత మారుతుంది కాబట్టి నా 12, ఇంకొకరి 12 ఒకటి కావు. మీ రెండో సిలిండర్ ఎంత చూపిస్తుందో, మూడోది ఎంత చూపిస్తుందో ఒకే పరికరంతో పోల్చుకోండి.

అంకె కంటే విలువైనది చప్పుడు. థ్రాటిల్ దగ్గర చెవి పెట్టండి, బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్ గొట్టం దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసి వినండి, అక్కడ గట్టిగా వినిపిస్తే రింగులు. రింగుల పక్కనుంచి కొద్దిగా గాలి పోవడం ఏ ఇంజిన్‌లోనైనా ఉంటుంది, అందుకే ఇక్కడ కూడా రెండో సిలిండర్‌తో పోల్చాలి. రేడియేటర్ మూత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తెరిచి చూడండి, బుడగలు వస్తే గాస్కెట్ లేదా పగులు. చప్పుడు ఎటో తెలియకపోతే అర మీటరు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస ఒక్కో దారి దగ్గర పెట్టి వినండి.

మీ లక్షణాలు చూస్తే నా అనుమానం ఎగ్జాస్ట్ వాల్వు మీద. ఒక్క సిలిండర్ ఒంటరిగా పడటం, పక్కవి నిక్షేపంగా ఉండటం దానికి బాగా సరిపోతుంది. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే వెంటనే హెడ్ దించకండి. ఇంజిన్ చల్లారాక వాల్వు కవరు తీసి, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ కామ్ మొన పైకి చూస్తుండగా ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) ట్యాపెట్ గ్యాప్, అంటే ముందు చెప్పిన వాల్వు గ్యాప్, కొలవండి. చాలా ఇంజిన్లలో చల్లటి గ్యాప్ ఇన్‌టేక్‌కి 0.15 నుంచి 0.25 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 0.25 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటుంది. మీ మాన్యువల్ అంకె చూసుకోండి. వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్‌లోకి లోతుగా దిగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, గ్యాప్ పెరగాల్సింది పోయి తగ్గుతుంది. సున్నా అయ్యాక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం సీటుకి ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆననిస్తే కదా! అలా కొన్నాళ్లు నడిస్తే అంచు కాలిపోతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీద నడిచే బండ్లలో సీట్లు త్వరగా అరుగుతాయి, వాటిలో ఇది ఇంకా తరచు. ట్యాపెట్లు హైడ్రాలిక్ అయితే గ్యాప్ ఉండదు. అక్కడ లిఫ్టర్ (ఆ హైడ్రాలిక్ ట్యాపెట్టే) బిగుసుకుని వాల్వుని తెరిచి పట్టుకుందేమో చూడాలి.

గ్యాప్ మూసుకుపోయి ఉంటే సరిచేసి, లీక్‌డౌన్ మళ్లీ చేయండి. బుస ఆగిపోతే సమస్య అక్కడే ముగిసింది. తగ్గింది గానీ ఆగలేదంటే, కొంతసేపు నడిపి మళ్లీ కొలవండి, సీటు మీద కార్బన్ పెచ్చు ఉంటే రాలిపోవచ్చు. అప్పటికీ అలాగే ఉంటే అంచు కాలిందన్నమాట, హెడ్ దించక తప్పదు. ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోపు కెమెరా దించితే అది కళ్లకే కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వాల్వు ముఖం మీద రంగు వలయాలు గుండ్రంగా, సమంగా ఉంటాయి. కాలినదాని అంచులో ఒకచోట ముక్క కోసినట్టు రంగు మారి ఉంటుంది. అదే కెమెరాతో పిస్టన్ తల కూడా చూడండి. మిగతావన్నీ నల్లగా ఉండి మూడోది ఒక్కటే కడిగినట్టు మెరుస్తుంటే కూలెంట్ లోపలికి వస్తోందని అర్థం.

ఒక విచిత్రమైన ఫలితం కూడా రావచ్చు. కంప్రెషన్ 118, లీక్‌డౌన్ చూస్తే 6 శాతమే, ఎక్కడా బుస లేదు. అప్పుడు గాలి పోవడం లేదు, అసలు లోపలికి రావడమే లేదు. ఇన్‌టేక్ కామ్ మొన అరిగిపోయి వాల్వు సరిగా తెరుచుకోకపోవడం, రాకర్ విరగడం లాంటివి. వాల్వు కవరు తీసి ఇంజిన్ చేత్తో తిప్పుతూ మూడో సిలిండర్ వాల్వులు పక్కవాటితో సమానంగా దిగుతున్నాయో లేదో కొలవండి. ఇంకోటి, బండి ఎప్పుడైనా లోతు నీళ్లలోంచి వెళ్లి ఇంజిన్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ కొద్దిగా వంగి ఉండొచ్చు. పిస్టన్ పైదాకా రాదు, కంప్రెషన్ తగ్గుతుంది, లీకు మాత్రం ఉండదు. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి చెక్క పుల్ల దించి నాలుగు పిస్టన్ల పైమట్టం ఎత్తు పోల్చండి. ఒకటి ఒక్క మిల్లీమీటరు కిందున్నా జబ్బు తెలిసిపోయినట్టే.

లీక్‌డౌన్ రేడియేటర్ వైపు చూపిస్తే, కూలింగ్ సిస్టమ్‌కి చేతి పంపు తగిలించి మూత మీద రాసిన ప్రెషర్ దాకా (చాలా బండ్లలో 13 నుంచి 16 పీఎస్ఐ) పెంచి పదిహేను నిమిషాలు వదిలేయండి. బయట తడి లేకుండా ముల్లు పడిపోతుంటే కూలెంట్ లోపలికే పోతోంది. నీలి ద్రవంతో చేసే బ్లాక్ టెస్టు దీన్ని ధ్రువపరుస్తుంది. రేడియేటర్ ఆవిరిలో మండిన వాయువు ఉంటే ఆ నీలం పసుపుకి తిరుగుతుంది. హెడ్ దించాక గాస్కెట్ ఒక్కటే మార్చి బిగించేయకుండా, సూటి పట్టీ, ఫీలర్ గేజ్ పెట్టి హెడ్ మట్టం చూడమనండి. వంకర మాన్యువల్ హద్దు దాటితే గ్రైండింగ్ చేయించాలి. బోల్టులు సాగే రకమైతే కొత్తవే వేయాలి.

వ్యాక్యూమ్ గేజ్, ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్ కొలతలు మంచివే గానీ మీకు ఇప్పుడు అక్కర్లేదు. అవి ఇంజిన్ మొత్తం నీరసించినప్పుడు పనికొస్తాయి.

ఇక ఆయిల్ దీపం. కంప్రెషన్, ఆయిల్ ప్రెషర్ రెండు వేర్వేరు సంగతులు, రింగులు మారిస్తే ఆయిల్ ప్రెషర్ పెరగదు. కానీ మీ బండిలో ఈ రెండిటికీ బంధుత్వం ఉండే అవకాశం ఉంది. మూడో సిలిండర్‌లో మండని పెట్రోలు గోడల మీది ఆయిల్‌ని కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి దిగి సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు తెలియదు, వేడెక్కాక ప్రెషర్ నిలవదు, దీపం మిణుకుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే, ఆయిల్ మట్టం పోసినదానికంటే పైకి కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఇలా గోడలు కడిగేసుకుపోవడం వల్ల మూడో సిలిండర్ కంప్రెషన్ ఇంకొంచెం తగ్గి కనిపిస్తుంది కూడా. తడి టెస్టు ఫలితాన్ని చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

వరస ఇలా పాటించండి. మిస్సింగ్ ముందు పోవాలి. తర్వాత సరైన గ్రేడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. ఆపైన ఆయిల్ స్విచ్ విప్పి అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కొలవండి. దీపం స్విచ్ సుమారు 4 నుంచి 7 పీఎస్ఐ దగ్గర వెలుగుతుంది, అంటే దీపం వెలిగేసరికే ఆలస్యమైనట్టు, ఆరిపోయిందంటే బాగుందని కాదు. వేడి మీద ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కీ 10 పీఎస్ఐ ఉండాలన్నది మోటు లెక్క, మాన్యువల్ అంకెదే చివరి మాట. గేజ్ బాగానే చూపిస్తూ దీపం మిణుకుతుంటే స్విచ్ మార్చండి. కొత్త ఆయిల్‌తో కూడా గేజ్ తక్కువే చూపిస్తే సంపు దించి పికప్ జల్లెడ, రిలీఫ్ వాల్వు, పంపు చూసి, చివరగా బేరింగుల దాకా వెళ్లాలి.

ఇదంతా తేలేవరకు బండి తీయకపోవడం మంచిది. మూడో సిలిండర్‌లో మండని పెట్రోలు ఒకవైపు ఆయిల్‌లోకి, ఇంకోవైపు సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతోంది, అక్కడ మండి కన్వర్టర్‌ని కరిగిస్తుంది. గ్యారేజీ దాకా తీసుకెళ్లక తప్పదంటే మూడో ఇంజెక్టర్ కనెక్టర్ తీసేసి, ఆయిల్ మట్టం చూసుకుని, తక్కువ వేగంతో దగ్గరి దూరమే వెళ్లండి. ప్లగ్గులు తిరిగి బిగించేటప్పుడు మొదట చేత్తోనే మర పట్టించి, తర్వాతే టార్క్ రెంచి వాడండి. 14 మి.మీ. మర ప్లగ్గుకి సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్గుకి 15 నుంచి 20.